ఒకటి ఆగడానికి, రెండు కదలడానికి

మా అక్క పెళ్లిలో పెళ్లికొడుకు నోరు విప్పలేదు. "ఈమెను నీ భార్యగా స్వీకరిస్తున్నావా?" అని పాస్టరుగారు అడిగారు. పెళ్లికొడుకు కొత్త బూట్లలో నిటారుగా నిలబడి ఎదుటి కిటికీ వైపు చూస్తున్నాడు. పాస్టరుగారు గొంతు సవరించుకుని మళ్లీ అడిగారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మా నాన్న మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. అమ్మ చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. నేనైతే మనసులో అప్పటికే పెళ్లికొడుకు వీపు విమానం మోత మోగించేశాను. అప్పుడు మా అక్క తెల్ల ముసుగు కిందనుంచి చెయ్యి చాపి, ముందున్న చెక్క బల్ల మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టింది. టక్, టక్. "స్వీకరిస్తున్నాను" అన్నాడు పెళ్లికొడుకు, ఎవరో తట్టి లేపినట్టు. వెనక వరసల్లో కూర్చున్న బస్సు డిపో జనమంతా గొల్లుమన్నారు.

వాళ్లకెందుకు నవ్వొచ్చిందో మాకు తర్వాత తెలిసింది. మా బావగారు సిటీ బస్సు డ్రైవరు. అక్క అదే బస్సులో కండక్టరు. ఆ రోజుల్లో బస్సు పైకప్పు పొడవునా ఒక తాడు ఉండేది, దాని చివర డ్రైవరు తల దగ్గర ఒక గంట. కండక్టరు తాడు ఒకసారి లాగితే ఆగాలి, రెండుసార్లు లాగితే కదలాలి. ఇది అందరు డ్రైవర్లూ పాటించేదే. కానీ మా బావగారి పాటింపు వేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంకో కండక్టరు ఉన్నప్పుడు, అద్దంలో చూసి అందరూ ఎక్కేశారనుకుని గంట పడకుండానే ఒకసారి బస్సు కదిలించారట. మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి ఉన్న పెద్దాయన కిందపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పేదాకా బావగారు డ్యూటీ దిగి ఆయన ఇంటికి వెళ్లి, ఆయన చొక్కా గుండీలు పెట్టి వచ్చేవారట. ఆ తర్వాత గంట రెండుసార్లు పడకుండా ఆయన బస్సు కదిలింది లేదు. వెనక లారీలు వరస కట్టి హారన్లు మోగించనీ, పోలీసు వచ్చి బానెట్ మీద గుద్దనీ, చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. పెళ్లిరోజు కంగారులో ఆయనకు తానెక్కడున్నదీ తెలియలేదు. గంట పడలేదు, కదల్లేదు. అంతే సంగతి.

నేను మాత్రం ఈ మనిషితో అక్క ఎలా వేగుతుందా అని చాలాకాలం దిగులుపడ్డాను. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైనదాన్ని. పొద్దస్తమానం ఊరి జనం మాటలు కలిపినదాన్ని గనక నాకు మౌనం పడదు. పైగా కోపం ముక్కు మీదే ఉంటుంది. వీళ్లిద్దరూ చూస్తే రోజుకు నాలుగు మాటలతో సంసారం వెళ్లదీసే రకం. అన్నం వడ్డించాక అక్క చెంచాతో కంచం అంచు మీద రెండు కొడితే గాని ఆయన ముద్ద ఎత్తరు. ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ లేచినా, అక్క బెంచీ మీద రెండు కొట్టేదాకా ఆయన కూర్చునే ఉంటారు. "ఇదేం దాంపత్యం, తలుపు తట్టుకోవడమా?" అని నేను ఎగతాళి చేస్తే అక్క నవ్వి ఊరుకునేది. పిల్లలు లేరు వాళ్లకు. ఆ లోటు గురించి వాళ్లు మాట్లాడగా నేను వినలేదు, నేనూ మాట్లాడను.

రిటైరయ్యాక వాళ్లు చెప్పుల షాపు మీది రెండు గదుల ఇంట్లోకి మారారు. నేను వెనక వీధిలోనే ఉంటాను. రిటైరైన వాళ్లు కాళ్లు చాపుకుని కూర్చుంటారని ఎవరన్నారో గాని, వాళ్లు వీళ్లను చూడలేదు. వారమంతా కాలికి బలపం కట్టుకుని తిరుగుతారు. దానికంతటికీ మూలం చర్చివాళ్ల పాత వ్యాను. మీగడ రంగుది, పక్కకు జరిగే తలుపుది, ఎక్కడానికి మరీ ఎత్తు మెట్టుది. నడవలేని పెద్దవాళ్లను ఆరాధనకు తీసుకురావడానికి కొన్నారు గాని, నడపడానికి మనిషి లేక ఆవరణలో తుప్పు పడుతుంటే, బావగారు తాళం అడిగి తీసుకున్నారు. తలుపు పక్కన మడత సీటులో అక్క. చివరి రోజున డిపోవాళ్లు అక్కకు టికెట్లకు చిల్లులు పొడిచే ఇనప పంచి ఇచ్చి పంపారు. అది ఇప్పటికీ ఆవిడ చేతిసంచిలోనే ఉంటుంది. వ్యానులో గంట లేదు గనక, సీటు పక్కన ఉన్న ఇనప కడ్డీ మీద ఆ పంచితో కొడుతుంది.

ఆదివారం ముందు నేను ఎక్కుతాను, వాళ్ల ఇంటి గేటు దగ్గరే. తర్వాత నర్సమ్మగారు. ఊళ్లో సగం మందిని పుట్టించిన చేతులు ఆవిడవి, ఇప్పుడు నాలుగు కాళ్ల చట్రం పట్టుకుని గాని అడుగు వేయలేరు. నోరు మాత్రం ఏ ఊతకర్రా లేకుండా నడుస్తుంది. ఆ తర్వాత టైలరు మాస్టారు, వాళ్లావిడ. చర్చి గుమ్మం దగ్గర అక్క ఒక్కొక్కరినీ దించి లోపలికి పంపి, బండి ఖాళీ అయ్యాక గాని తను దిగదు.

సోమవారం బండి కడుగుతారు. అది ఎంత శుభ్రంగా ఉన్నా సరే కడుగుతారు. మంగళవారం షికారు. షికారంటే ఏదో అనుకునేరు, ఊరు దాటరు. విమానాశ్రయం కంచె పక్కన బండి ఆపుకుని ఫ్లాస్కులో టీ తాగుతూ దిగే విమానాలను చూస్తారు. లేదంటే మొక్కల నర్సరీ, కాదంటే పెద్ద పార్కు. ఆ పార్కులో ఎవరో గొప్పాయన కంచు విగ్రహం ఉంది. ఎప్పుడు వెళ్లినా టైలరు మాస్టారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఎడమ భుజం ఎత్తుగా కుట్టాడు వెధవ. నా దగ్గరికి తెచ్చుంటే సరిచేసేవాణ్ని" అని బాధపడతారు. నర్సమ్మగారు బెంచీ మీద కూర్చుని దారిన పోయే ప్రతి గర్భిణినీ చూసి ఎన్నో నెలో చెబుతారు. బావగారు ఏమీ మాట్లాడకుండా టీ పోస్తారు. ఎవరికి చక్కెర తక్కువో, ఎవరికి కప్పు సగమే నింపాలో ఆయనకు తెలుసు.

బుధవారం అక్క ఆసుపత్రికి వెళ్లి చూడటానికి ఎవరూ రాని రోగుల దగ్గర కూర్చుంటుంది. గురువారం పాటల సాధన. అందులో బావగారి పాత్ర పేజీలు తిప్పడం వరకే. శుక్రవారం వాళ్లింట్లో క్యారమ్స్. శనివారం చర్చి ఊడ్చి, బెంచీలు తుడుస్తారు. నాకు శనివారమంటే చిరాకు, ఎందుకంటే ఆ రోజు బావగారు నన్ను స్టీరింగు ముందు కూర్చోబెడతారు.

ఈ కథ కూడా చెప్పేయాలి. నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే. లైసెన్సు చేతికొచ్చిన రోజున ఈ వ్యానునే తీసుకెళ్లి చర్చి ప్రహరీకి గుద్దాను. ఆ మూల కొత్త సిమెంటు మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది. అప్పటినుంచీ ఆయనకు నేను మరదల్ని కాదు, గోడమ్మని. చర్చి పిల్లలు కూడా నన్ను గోడమ్మ అత్తా అనే పిలుస్తారు. శనివారం ఖాళీ ఆవరణలో ఆయన నా చేత రెండు చుట్లు తిప్పిస్తారు. తిప్పుతాను. గేటు దాటమంటే మాత్రం దిగిపోతాను. లైసెన్సు గడువు తీరిన ప్రతిసారీ ఎందుకు పొడిగించుకుంటున్నానో నాకే తెలియదు.

బావగారి చూపు సంగతి ముందు బయటపెట్టింది క్యారమ్ బోర్డు. ఆటలో ఆయన రాక్షసుడు. అలాంటిది ఒక శుక్రవారం, ఎడమ మూల గుంత అంచున నల్లకాయ పండులా కూర్చుని ఉంటే, దాన్ని వదిలేసి ఎక్కడో దూరపు కాయకు గురిపెట్టారు. టైలరు మాస్టారు మొహం మాడ్చుకున్నారు.

"నన్ను గెలిపించాలని చూస్తున్నావా? నాకేం జాలి అక్కర్లేదు."

"ఏం చేశాను మాస్టారూ?"

"ఆ మూల కాయ కనబడలేదా?"

బావగారు తల మొత్తం తిప్పి చూశారు. "అరె, ఇదెప్పుడు వచ్చింది?" అన్నారు. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. మరుసటి వారం నేను వెళ్లేసరికి వాళ్ల భోజనాల బల్ల మీద ఉప్పు సీసా, నీళ్ల గ్లాసు, పేపరు, అన్నీ ఆయన కుడిచేతి వైపుకు మారి ఉన్నాయి. నేల మీద ఎడమవైపు ఒక టీ మరక కూడా చూశాను. "ఏమైంది?" అంటే అక్క "తుడుస్తాలే" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అడిగింది మరక గురించి కాదని ఆవిడకు తెలుసు.

తర్వాతి మంగళవారం పార్కు నుంచి వస్తున్నాం. మందుల షాపు దాటాక ఎడమవైపు మలుపు. బావగారు ఇండికేటరు వేశారు, వేగం తగ్గించారు, పద్ధతి ప్రకారమే తిప్పబోయారు. కడ్డీ మీద ఒక్క దెబ్బ పడింది. నేను జన్మలో అంత గట్టి దెబ్బ వినలేదు. ఆయన కాలు బ్రేకు మీదికి వెళ్లిపోయింది. ఎందుకు అని ఆలోచించి ఉంటే ఆలస్యమయ్యేది. ఆయన ఆలోచించలేదు, ఆగారు. నా కళ్లద్దాలు జారి ఒళ్లో పడ్డాయి. బండి ముందునుంచి సైకిలు మీద ఒక స్కూలు పిల్ల, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా, తిడుతూ దూసుకుపోయింది.

"ఎక్కడినుంచి ఊడిపడింది?" అన్నారు బావగారు.

జవాబిచ్చింది నర్సమ్మగారు. "ఊడిపడలేదు నాయనా. మందుల షాపు దగ్గర్నుంచీ మన పక్కనే వస్తోంది. మేమంతా చూస్తూనే ఉన్నాం. రేపు కళ్లాసుపత్రికి వెళ్లు."

వెళ్లాం, ముగ్గురమూ. ఒక చీకటి గదిలో ఆయన్ని గిన్నెలాంటి యంత్రంలోకి తల పెట్టించి, చుక్కల వెలుగులు వేస్తూ, కనిపించినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. బయట కూర్చుని వింటున్నాను. మధ్యలో చాలాసేపు బొత్తాం చప్పుడే లేదు. బయటికొచ్చి "వాళ్ల మిషన్ పాడైనట్టుంది, మధ్యమధ్యలో ఆగిపోతోంది" అన్నారు నిజాయితీగా. డాక్టరమ్మ చిన్నపిల్ల, కానీ మాట తడబడలేదు. నీటికాసులు, అదే గ్లాకోమా అంది. ఎడమకంటి పక్కచూపు పోయింది, కుడికంటికి కూడా కొంత పోయింది, పోయింది తిరిగి రాదు, చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది. బండి మాత్రం తోలకూడదు.

"చర్చి బండి ఒక్కటే తోలతానమ్మా. దగ్గరే."

"చర్చి బండి గుద్దినా దెబ్బ దెబ్బే కదండీ" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చేదాకా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. సిటీ బస్సులోనే వచ్చాం. దిగేటప్పుడు డ్రైవరు సీటు వైపు ఒకసారి చూశారు. సాయంత్రం చుక్కలు వేయించుకుని, కళ్లు మూసుకునే అన్నారు, "ఈ ఆదివారం తోలతాను. పాస్టరుగారు వేరే మనిషిని చూసుకునేదాకా. లేకపోతే నర్సమ్మగారు ఎలా వస్తారు? మాస్టారి భార్య మోకాళ్లు చూశావుగా. ఈ బండి ఆగితే వాళ్ల వారమంతా ఆగిపోతుంది." ఆ మాటల్లో అబద్ధం లేదు. చెప్పనిది ఇంకొకటి ఉంది. ఆ సీటు తప్ప ఆయనకు వేరే ఉనికి తెలియదు. ఆ సీటులో కూర్చుంటేనే మా బావగారు మా బావగారు.

అక్క సరే అనలేదు, వద్దనలేదు. చుక్కల సీసా మూత పెట్టింది. గురువారం కూడా ఏమీ అనలేదు. శుక్రవారం క్యారమ్స్ యథావిధిగా ఆడించింది. వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికేసి నిప్పులు చెరిగాను.

"నువ్వు మనిషివా, రాయివా? ఇంకో పిల్ల సైకిలు మీద రావాలా? ఆ తాళం దాచెయ్. పాస్టరుగారికి నేను చెబుతాను. నీకు నోరు లేకపోతే నాకుంది."

అక్క గిన్నెలు కడుగుతోంది. తడి చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది. "తాళం దాచితే ఇల్లంతా వెతుక్కుంటారు. చిన్నపిల్లాడి దగ్గర అగ్గిపెట్టె దాచినట్టు దాచమంటావా ఆయన దగ్గర? ఎవరితోనో చెప్పిస్తే తలెత్తుకుని తిరగలేరు."

"మరి?"

"గంట ఉందిగా."

"ఇన్నాళ్లూ ఆ గంటతోనేగా తోలిస్తున్నావు! ఎడమవైపు అంతా నువ్వే చూసి కొడుతున్నావు. నాకు తెలియదనుకున్నావా?"

దానికి మాత్రం అక్క మొహం ఎర్రబడింది. "అవును. ఆ క్యారమ్ కాయ కనబడని రోజునుంచీ నేనే చూస్తున్నా. సరిపోతుందనుకున్నా. ఆ పిల్లని చూశాక సరిపోదని తెలిసింది. ఇంక కొట్టను." అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. గిన్నెల వైపు తిరిగిపోయింది.

శనివారం చర్చిలో బెంచీలు తుడిచాక బావగారు నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. రెండు చుట్లు అయ్యాయి. ఆపబోతే "ఇంకోటి" అన్నారు. మళ్లీ ఇంకోటి. వెనక్కి తీయించారు, ప్రహరీ మూలకు ఆనించి నిలబెట్టించారు, సిమెంటు మచ్చ పక్కనే. నా వీపు చెమటతో తడిసిపోయింది. "గేటు దాటతావా గోడమ్మా?" అన్నారు.

"చస్తే దాటను."

"సరే" అన్నారు ఆయన. తాళం జేబులో వేసుకున్నారు.

ఆదివారం నేను వెళ్లేసరికి ఆయన డ్రైవరు సీటులో ఉన్నారు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని. అక్క మడత సీటులో ఉంది. నేను ఎక్కి కూర్చున్నాను, తలుపు పడింది. ఇంజను నడుస్తోంది. చెప్పుల షాపు మూసి ఉంది, వీధి ఖాళీగా ఉంది. నా చెవులు అక్క చేతిలోని పంచి మీదే ఉన్నాయి.

ఒకటి కొట్టింది. టక్.

బావగారు రెండోదాని కోసం ఆగారు. అది రాలేదు. అద్దంలోకి చూశారు. "కండక్టరమ్మా" అన్నారు, నవ్వుతూనే.

"ఒకటే కొట్టాను డ్రైవరుగారూ" అంది అక్క.

"నర్సమ్మగారు గుమ్మంలో నిలబడి ఉంటారు."

"అవును."

"పాస్టరుగారు మొదలుపెట్టేస్తారు."

"పెట్టనీయండి."

ఆయన కాలు క్లచ్ మీదే ఉంది. గేరు కడ్డీ మీద చెయ్యి ఉంది. ఆయన తలచుకుంటే బండి కదులుతుంది. ఆయన చేతిలోంచి తాళం లాక్కునే వాళ్లెవరూ లేరు. పోలీసులు గుద్దినా కదలని మనిషిని ఎందరో చూశారు గాని, అది ఎంత కష్టమో నేను ఆ రోజే చూశాను. స్టీరింగు మీద వేళ్లు తెల్లబడిపోయాయి. నేను కిటికీలోంచి ఎటో చూడాలనుకున్నాను, చూడలేకపోయాను. అక్క మాత్రం చూపు తిప్పలేదు. ఆవిడ కళ్లు నీళ్లతో నిండిపోయాయి, అయినా పంచి ఉన్న చెయ్యి ఒళ్లోనే ఉంది. అప్పుడర్థమైంది నాకు, దీన్ని అక్క ఇక్కడే, ఇంకెవరూ ఎక్కకముందే ఎందుకు పెట్టుకుందో. పైవాళ్లెవరూ చూడకుండా ఈ ఒక్క ఆగడం ఆయన ఇంటి ముందే జరగాలని. అక్క మాటకు ఇన్నేళ్లూ మౌనమని పేరుపెట్టిన నన్ను ఏమనాలి?

ఇంజను ఆగింది. బావగారు దిగారు. బండి ఒంటి మీద చెయ్యి వేసి, బానెట్ చుట్టూ తిరిగి మా వైపు వచ్చారు. తలుపు తీసి తాళం నా ముందు పెట్టారు.

"గోడమ్మా, గేటు ఇప్పటికే దాటి ఉంది బండి. దాటమని అడగట్లేదు నిన్ను. ముందుకు పోనీ, చాలు."

నేను చస్తే రానని నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి తాళం తీసుకున్నాను. ఆయన అక్క పక్కన, ఇరుకు సీటులో, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ఇంజను వేసి, గేరులో పెట్టి ఎదురుచూశాను. రెండు పడ్డాయి. అక్కే కొట్టింది. బండి ఒకసారి ఎగిరి, తర్వాత బుద్ధిగా కదిలింది. సైకిళ్లు కూడా మమ్మల్ని దాటిపోయాయి, పోనీ.

నర్సమ్మగారు గుమ్మంలో చట్రం పట్టుకుని కళ్లలో వత్తులు వేసుకుని చూస్తున్నారు. బండి ఆగినా అక్క లేవలేదు. పంచిని బావగారి చేతిలో పెట్టింది. "మీరు దిగండి" అంది.

"డ్రైవరు దిగాడేంటి? బండి చెడిందా?" అని నర్సమ్మగారు అరిచారు.

"డ్రైవరు మారిందండీ" అన్నారు బావగారు.

నర్సమ్మగారు వంగి నన్ను చూశారు. "గోడమ్మా? దేవుడా! అయితే ఇవాళ ప్రార్థన బండిలోనే మొదలుపెడదాం పదండి."

ఆవిడను ఎక్కించడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ముందు చట్రం లోపల పెట్టాలి, కానీ చట్రం తీస్తే ఆవిడ పడిపోతారు. ఒక చెయ్యి బావగారి భుజం మీద, ఒక చెయ్యి తలుపు మీద. ఎత్తు మెట్టు మీదికి ఒక కాలు వస్తుంది, రెండోది రాదు. ఊపిరి తీసుకోవాలి. తొందరపెడితే కాలు బిగుసుకుంటుంది. "మోచెయ్యి కింద పట్టండి, చేతిని కాదు" అని లోపలినుంచి అక్క చెబుతోంది. కూర్చున్నాక చీర అంచు తలుపు కింద ఉండిపోయింది. "అంచు చూసుకుని మూయండి" అంది అక్క. అద్దంలో చూస్తున్నాను. ఆయన తలనంతా తిప్పి, వంగి, అంచు తీసి, తలుపు మూశారు. నుదురు చెమటతో మెరుస్తోంది.

బావగారు సీటులో కూర్చుని కాసేపు ఆయాసం తీర్చుకున్నారు. "నేను అద్దంలో చూసేవాణ్ని" అన్నారు అక్కతో. "ఒక నీడ ఎక్కేది, గంట పడేది. ఇన్నేళ్లూ జనాన్ని నేనే తీసుకెళ్తున్నాననుకున్నాను."

"మీరే తీసుకెళ్లారు" అంది అక్క. "ఎక్కించింది నేను."

ఇంజను నడుస్తోంది. నేను గేరులో పెట్టుకుని కూర్చున్నాను. చప్పుడు లేదు. నర్సమ్మగారు నా వైపు చూశారు, నేను అద్దంలోకి చూశాను. పంచి చేతిలో పట్టుకుని మా బావగారు నిటారుగా కూర్చుని, ఎదురుగా చూస్తూ, ఎదురుచూస్తున్నారు. గంట పడలేదు. కదల్లేదు. కొట్టాల్సింది తనేనని ఆయనకు తట్టనే లేదు.

అక్క చెయ్యి చాపి ఆయన మోకాలి మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టింది. ఆయన ఉలిక్కిపడి, నవ్వి, ఎడమవైపుకు ఒళ్లంతా తిప్పి మెట్టు చూశారు, తలుపు చూశారు, నర్సమ్మగారి పాదాలు చూశారు. అప్పుడు కడ్డీ మీద కొట్టారు.

టక్, టక్. నేను క్లచ్ వదిలాను.